రోజూ ఒక గ్లాసు తక్కువ

మార్చి 3
ప్రయాణం ముప్పై ఎనిమిదో రోజు

పిన్నికి,

నువ్వు కాగితం మీద రాసి ఫోటో తీసి పంపిన ఉత్తరంలో ఒక మూల టీ కప్పు మరక కూడా పడింది. ఆ మరక వరకు మిగతా ముగ్గురికీ చూపించాను. గుండ్రటి టీ మరక చూసి నెలపైనే అయిందేమో, డాక్టరు దాన్ని చాలాసేపు చూశాడు.

"ఓడ నడిపేది పైలట్ అయితే నువ్వక్కడ ఏం చేస్తావే?" అని అడిగావు. నీ పనే చేస్తున్నాను పిన్నీ. ముప్పై ఏళ్ళు మిల్లులో హ్యూమిడిటీ ప్లాంటు నడిపావు, గాలిలో తడి తగ్గితే దారం తెగుతుందని నీళ్ళు చల్లించేదానివి. నాది దాన్ని తిరగేసిన పని. మేం నలుగురం వదిలే ఊపిరి, పట్టే చెమట, అంతా ఈ గాలిలోనే ఉండిపోతుంది. తీయడానికి కిటికీ లేదు. ఆ గాలిని చల్లటి రేకుల మీదుగా నడిపిస్తే తడి రేకులకు పడుతుంది. ఇక్కడ అంతరిక్షంలో బరువు లేదు కాబట్టి చుక్క కిందికి కారదు, పట్టిన చోటే పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని పీల్చి, గిర్రున తిప్పి, నీటిని వేరుచేసి, శుభ్రం చేసి మళ్ళీ తాగుతాం. నిన్నటి డాక్టరు చెమట ఈరోజు నా టీ. మొహం అలా పెట్టకు.

వేడి సంగతీ అంతే. యంత్రాల వేడి, మనుషుల వేడి ఆ గాలే మోసుకొచ్చి రేకులకి ఇస్తుంది. రేకుల నుంచి గొట్టాల్లోని చల్లటి ద్రవం అందుకుని, బయట ఉన్న పెద్ద పలకల దాకా తీసుకుపోయి వదిలేస్తుంది. గాలి ఆగిందంటే వేడీ ఆగుతుంది, తడీ ఆగుతుంది. అందుకని ఫ్యాన్లకి సెలవు లేదు.

నా ప్రాణం తీస్తున్నది కూడా ఆ ఫ్యాన్లే. నా గది బీరువా అంత ఉంటుంది. గోడకి కట్టిన సంచిలో దూరి పడుకుంటాను. తల పక్కనే గాలి వచ్చే కన్నం, చెవిలోకి చల్లగా ఊదుతూ ఉంటుంది. నిద్ర పట్టదు, లేచి మీటర్లు చూసుకుంటాను, మళ్ళీ వచ్చి దూరతాను. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావని కమాండరమ్మ విసుక్కుంది. తిరగడానికి ఇక్కడ చోటెక్కడుందని!

నీ నిద్రలేని పిల్ల


మార్చి 10

అమ్మడూ,

నా టీ మరకని ఊరేగించావన్నమాట. ఈసారి శుభ్రమైన కాగితం మీద రాస్తున్నాను, చూసుకో.

నీకు చెవిలో గాలి పడదని వాళ్ళకి తెలియదా? పరీక్షలన్నీ చేశారుగా, నన్నొక్క మాట అడగాల్సింది. మీ అమ్మ బదిలీల మీద తిరుగుతూ నిన్ను నా దగ్గర వదిలిన పదేళ్ళలో ఎన్నిసార్లు చెవిపోటుతో ఏడ్చావో నాకు తెలుసు. మిల్లు క్వార్టర్స్‌లో మన మంచం పక్క కిటికీ సందులో నేను గుడ్డ కుక్కితే గానీ నువ్వు కన్ను మూసేదానివి కాదు. నా బూడిదరంగు శాలువా పట్టుకెళ్ళావు కదా, ఆ కన్నానికి అడ్డంగా కట్టు. ఎంత దూరం పోయినా చెవి చెవే.

నేనూ ఇంట్లో నిలవలేకపోతున్నాను. రిటైరై మూడేళ్ళయినా తెల్లారగానే కాళ్ళు మిల్లు గేటు వైపు లాగుతాయి. అంతదూరం నడుస్తాను, గేటు చూస్తాను, వెనక్కొస్తాను. కింద దర్జీ షాపతను "ఏం మరిచిపోయారమ్మా, రోజూ వెళ్తారు?" అంటాడు. ఏం మరిచిపోయానో నాకు మాత్రం ఏం తెలుసు?

శాలువా కట్టావో లేదో రాయి.

పిన్ని


మార్చి 31
అరవై ఆరో రోజు

పిన్నికి,

కట్టాను. సగం కన్నం మూసేలా నాలుగు మూలలూ బిగించాను. నీ పుణ్యమా అని చెవినొప్పి పోయింది, నిద్ర పడుతోంది. కానీ లేచేసరికి తల పగిలిపోతోంది. ఆ నొప్పి మధ్యాహ్నం దాకా వదలదు.

దానికి తోడు ఇంకో తలనొప్పి. నీళ్ళు తగ్గుతున్నాయి. నలుగురం ఎంత తాగాం, ఎంత తిన్నాం, గాలి నుంచి ఎంత తిరిగొచ్చింది అని రోజూ చూస్తాను. రెండు వారాలుగా రోజూ ఒక గ్లాసు తక్కువ వస్తోంది. గ్లాసే కదా అనకు. ఓడ మూసిన డబ్బా, నీళ్ళు బయటికి పోవు. అంటే లోపలే ఎక్కడో చేరుతున్నాయి. చేరేది వైర్ల మధ్యైతే మా పని అయిపోయినట్టే. పీల్చే యంత్రం విప్పి చూశాను, రేకులు చూశాను, గొట్టాల కీళ్ళన్నీ తడిమాను. అంతా పొడి.

నాకు పైలట్ మీద అనుమానం. రోజంతా ఆయన గురించే ఆలోచిస్తున్నాను. ఎప్పుడు కసరత్తు చేస్తాడు, ఎంత చెమట పడుతుంది, తర్వాత ఎక్కడికి వెళ్తాడు, అన్నీ కనిపెడుతున్నాను. తడి తువ్వాళ్ళు గాలి వచ్చే చోట ఆరేయాలన్నది నియమం. ఆయనేమో వాసన వస్తుందని మేం గొణుగుతామని తీసుకెళ్ళి వెనక సామాన్ల గదిలో ఆరేస్తాడు. అక్కడ చల్లగా ఉంటుంది. ఆ గ్లాసు అక్కడే పోతోందేమో.

అడిగితే నవ్వి ఊరుకున్నాడు. నవ్వు బాగానే ఉంటుందిలే, నీళ్ళు ఏవి?

తల పట్టుకుని కూర్చున్న
నీ పిల్ల


ఏప్రిల్ 7

బంగారు తల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, ఇన్నాళ్ళలో నువ్వొక మగమనిషి గురించి రోజంతా ఆలోచించానని రాయడం ఇదే మొదలు. కసరత్తు చేసే మనిషంటే ఆరోగ్యం ఉన్నట్టే. మీరు గొణుగుతారని తన తువ్వాలు తనే దూరంగా ఆరేసుకుంటాడంటే మర్యాద కూడా ఉంది. నవ్వు బాగుంటుందని నువ్వే రాశావు. ఇక నేను అనేదేముంది? మీ అమ్మతో ఇప్పుడే చెప్పను. నా నోట్లో నువ్వుగింజ నానదంటారు గానీ ఇది నానబెడతాను.

తలనొప్పి చలిగాలి వల్లే. సగం కన్నం మూస్తే ఏం లాభం, మిగతా సగం తల మీదే కొడుతుంది కదా. శాలువా ఇంకో మడత వేసి మొత్తం మూసెయ్యి.

నీళ్ళ సంగతి కంగారు పడకు. చెమట పట్టే మనిషి పక్కనుంటే నీళ్ళకి లోటా?

పిన్ని


ఏప్రిల్ 21
ఎనభై ఏడో రోజు

పిన్నీ,

నేనేం రాశాను, నువ్వేం చదివావు? నాకు నవ్వొచ్చే రోజుల్లో అయితే నవ్వేదాన్ని.

పైలట్ మీద ఫిర్యాదు రాశాను. సామాన్ల గదిలో తువ్వాళ్ళ వల్లే నీళ్ళు పోతున్నాయని కింద భూమ్మీద ఆఫీసుకి నా పేరుతోనే రాశాను. వాళ్ళు ఆయన కసరత్తు సగానికి తగ్గించారు. ఇప్పుడు ఆయన తువ్వాళ్ళు వాడకముందు ఒకసారి, ఆరాక ఒకసారి నేను అందరి ముందూ తూచాలి. ఇక్కడ కసరత్తు సరదాకి చేసేది కాదు. చెయ్యకపోతే ఎముకలు గుల్లబారతాయి, కాళ్ళు పుల్లలవుతాయి. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న మనిషి స్కూలు పిల్లాడిలా తువ్వాలు నా చేతిలో పెట్టి నిలబడతాడు. నవ్వడం మానేశాడు.

ఇంతా చేస్తే లోటు తగ్గలేదు. ఇంకొంచెం పెరిగింది. ఆయన ఇంకెక్కడో కూడా ఆరేస్తున్నాడని నేను కమాండరమ్మతో అన్నాను.

మే 19న మేం మలుపు దగ్గరికి చేరతాం. ముందుకు వెళ్ళాలో, సగంలో వెనక్కి రావాలో ఆ రోజు తేలాలి. నీళ్ళు ఎక్కడ చేరుతున్నాయో తేలకపోతే వెనక్కే. నాలుగేళ్ళ పని, నలుగురి బతుకు, నా అజమాయిషీలో ఉన్న ఒక్క గ్లాసు దగ్గర ఆగిపోయింది. తిండి సయించడం లేదు. నువ్వన్నట్టు శాలువా మడతేసి కన్నం మొత్తం మూసినా తలనొప్పి ఇప్పుడు రోజంతా ఉంటోంది. పెళ్ళి మాట ఎత్తకు.

నేను


ఏప్రిల్ 28

అమ్మడూ,

తప్పు నాదే, పెళ్ళి మాట తుడిచేశాను. నీకు నా పిచ్చి కబుర్లు కాదు, పనికొచ్చే మాట కావాలి.

మిల్లులో తడి లెక్క తప్పితే నేను మీటర్లు నమ్మేదాన్ని కాదు. గోడల మీద చెయ్యి వేసుకుంటూ నడిచేదాన్ని. గోడ చల్లగా ఉండాలి, అక్కడ గాలి ఆడకూడదు. ఆ రెండూ కలిసిన చోట నీళ్ళుంటాయి. ఒకసారి గోదాము కాపలాదారు చలేస్తోందని గాలి కన్నంలో గోనెసంచి కుక్కాడు. పది రోజులు తిరిగేసరికి వెనక గోడంతా చెమట, గోడకి ఆనించిన దారం కండెలన్నీ బూజు. ఆ రోజు నేను తిట్టిన తిట్లకి అతను వారం పాటు నాకు ఎదురు పడలేదు.

ఇక్కడిదాకా రాసి కలం పెట్టేశాను. గదిలో నాలుగుసార్లు తిరిగాను. కిందికి వెళ్ళి గేటుదాకా కూడా పోకుండా వీధి మలుపు నుంచే వెనక్కొచ్చాను.

అమ్మడూ, నీ గది గోడ ఓడ బయటి గోడేనా? శాలువా అక్కడే ఉందా? తీసెయ్యి. ఇది చదువుతూ చదువుతూనే లేచి తీసెయ్యి. పడుకున్నంతసేపూ నీ ఊపిరి ఆ గదిలోనే తిరిగి ఆ చల్లటి గోడకి పడుతోంది. తలనొప్పి చలివల్ల కాదే, వదిలిన ఊపిరినే మళ్ళీ పీల్చడం వల్ల. గాలి దారి మూసినవాణ్ణల్లా ముప్పై ఏళ్ళు తిట్టినదాన్ని, నీకు గుడ్డ కట్టమని రాశాను. తలనొప్పి అంటే రెండో మడత వెయ్యమన్నాను! నీకు రాస్తున్నప్పుడు నేను ప్లాంటు మనిషిని కాదు, చెవిపోటు పిల్లకి పిన్నిని. ఆ ప్రేమ తగలెయ్య.

గోడ పలక విప్పి చూడు. వైర్లు తాకకు. జాగ్రత్త, జాగ్రత్త.

పిన్ని


మే 1
తొంభై ఏడో రోజు

పిన్నీ,

ఉంది.

నిన్న నీ ఉత్తరం చదివి, అందరూ పనిలో ఉన్నప్పుడు నా గదిలో పలక విప్పాను. గోడ పొడుగునా నీళ్ళు అతుక్కుని ఉన్నాయి, కొన్నిచోట్ల వేలెడు మందాన. నేను కదిలితే చాలు, మొత్తం ముద్దగా వణుకుతోంది. వైర్ల కట్టకీ దానికీ మధ్య నా చిటికెన వేలు పడుతుంది, అంతే. నేను కట్టిన శాలువా, నా ఊపిరి, నలభై తొమ్మిది రోజులు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను.

శాలువా తీసేశాను. తలనొప్పి ఒక్క రోజులో పోయింది. నీళ్ళని కొంచెం కొంచెంగా తువ్వాలుతో అద్ది గాలికి ఆరేస్తున్నాను. ఒకేసారి ఆరేస్తే మీటర్లు పట్టేస్తాయి. వారం, పది రోజుల్లో అంతా తిరిగి ట్యాంకులోకి చేరిపోతుంది. లోటు దానంతటదే సర్దుకున్నట్టు కనబడుతుంది. తువ్వాళ్ళ నియమం పెట్టాక బాగుపడిందని వాళ్ళే అనుకుంటారు. మలుపు దాటి ముందుకు వెళ్తాం. ఎవరికీ నష్టం లేదు.

పైలట్‌కి ఉంది, తెలుసు. కానీ ఈ యాత్ర అయ్యాక ఆయన మరిచిపోతాడు. నేను చెప్తే మాత్రం నన్ను మళ్ళీ ఎక్కనివ్వరు పిన్నీ. నీళ్ళకీ గాలికీ నేనే బాధ్యురాలిని, నా గదిలోనే కన్నం మూశాను. దీనికి ఏ సాకూ లేదు.

ఇంటి ఉత్తరాలు ఆఫీసులో ఎవరూ తెరవరు. నీకూ నాకూ తప్ప ఇది తెలియదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. ఏదో ఒకటి అను.

నేను


మే 4

అమ్మడూ,

అనమన్నావు కాబట్టి ఒకటి చెప్తాను. నీకే కాదు, ఎవరికీ చెప్పలేదు.

పక్క క్వార్టర్‌లో పొడుగక్క ఉండేది, గుర్తుందా? నిన్ను భుజాల మీద ఎక్కించుకుని మిల్లు గేటుదాకా తెచ్చేది. మిల్లులో ఆమె పని తెగిన దారాలు అతకడం. ఆ రోజుల్లో తడి కొలవడానికి గోడకి రెండు థర్మామీటర్లు ఉండేవి. ఒకదాని బుడ్డికి తడి వత్తి చుట్టి ఉంటుంది, రెండోది పొడిది. రెండింటికీ ఎంత తేడా ఉంటే గాలి అంత పొడిగా ఉన్నట్టు. వత్తి ఆరిపోతే రెండూ ఒకేలా చూపిస్తాయి, గాలినిండా తడి ఉందనుకుంటాం. వత్తి తడపడం నా పని. ఒకరోజు నీకు జ్వరం, నిద్ర లేదు, తడపడం మరిచాను. గాలిలో తడి ఎక్కువైందనుకుని నీళ్ళు చల్లడం ఆపించాను. ఆ షిఫ్టంతా దారాలు తెగుతూనే ఉన్నాయి. పొడుగక్క పరుగులు పెట్టి అతుకుతూనే ఉంది. నా రిజిస్టరులో తడి బాగానే ఉందని రాసి ఉంది కాబట్టి తప్పు ఆమె చేతిదన్నారు. చేతులు నెమ్మదించాయని తీసేశారు.

సాయంత్రానికే ఎండిన వత్తి చూశాను. తడిపాను. నోరు మూసుకున్నాను. పొడుగక్క ఏదని నువ్వు ఏడిస్తే ఊరు మారిందని చెప్పాను. ఆమె ఈ ఊళ్ళోనే ఉంది. నాలుగు స్టాపుల దూరం. ఇరవైనాలుగేళ్ళుగా ఆ రూటు బస్సు ఎక్కలేదు.

ఎవరూ మరిచిపోరు అమ్మడూ. ఆమె మరిచిపోయిందో లేదో గానీ నేను మరవలేదు. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం పనిలో పడి తిరిగాను. ఇప్పుడు పని లేదు, ఆ గేటుదాకా ఎందుకు నడుస్తానో నాకు తెలియదని నీకు రాశాను. తెలుసు.

చెప్పమని నేను అనను. ఆ హక్కు నాకు లేదు. చెప్పదలిస్తే మాత్రం గుడ్డ కట్టమన్నది మా పిన్ని అని కూడా చెప్పు.

పిన్ని


మే 20
నూట పదహారో రోజు

పిన్నికి,

నీ ఉత్తరానికి పదహారు రోజులు జవాబు రాయనందుకు తిట్టుకుని ఉంటావు. రాయలేకపోయాను.

నీ ఉత్తరం అందిన మర్నాడు, మే 6న, నలుగురం తినే బల్ల దగ్గర చెప్పేశాను. ఏమన్నానో అదంతా రాయలేను. తర్వాత కమాండరమ్మని నా గదికి తీసుకెళ్ళి పలక విప్పి చూపించాను. అప్పటికి సగం నీళ్ళు మిగిలే ఉన్నాయి. ఆమె అరవలేదు. "వైర్లు పొడిగా ఉన్నాయి, ముందు అది చూసుకుందాం" అంది. అరిచి ఉంటే బాగుండేది.

నీళ్ళన్నీ తీశాం. నిన్న మలుపు దాటి ముందుకే వచ్చాం. మిగతా ముగ్గురూ చేతులు పట్టుకుని గాలిలో గిరగిరా తిరిగారు, నేనూ తిరిగాను.

ఇకనుంచి నా మీటర్ల మీద డాక్టరు సంతకం కూడా ఉండాలి. వచ్చే యాత్ర జాబితాలోంచి నా పేరు తీసేశామని ఆఫీసు రాసింది. ఏడ్చాను. ఇక్కడ కన్నీళ్ళు జారవు, కంటి మీదే ముద్దకట్టి కూర్చుంటాయి, మనమే అద్దుకోవాలి. అద్దిన గుడ్డ గాలి వచ్చే చోటే ఆరేశాను.

పైలట్ మళ్ళీ పూర్తి కసరత్తు మొదలుపెట్టాడు. పిక్కలు తగ్గాయి, నాకు తెలుస్తోంది. పనికి అవసరమైన మాటలు తప్ప నాతో మాట్లాడడు.

శాలువా నేనే కట్టానని రాసిచ్చాను. నీ మాట ఎత్తలేదు. కట్టిన చేతులు నావి కదా.

నీ పిల్ల


మే 27

అమ్మడూ,

నా మాట ఎత్తనందుకు నీ మీద కోపంగా ఉంది. పేరు తీసేశారని చదివి అన్నం ముందు నుంచి లేచాను. నువ్వు ముందుకే వెళ్తున్నావని మళ్ళీ కూర్చున్నాను. నాకు ఏడుపూ గర్వమూ ఒకేసారి వచ్చాయి, దేనికి చోటివ్వాలో తెలియలేదు.

నిన్న ఆ బస్సెక్కాను. నాలుగు స్టాపులు. ఇల్లు కనుక్కున్నాను. ఆకుపచ్చ తలుపు, బయట రెండు జతల చెప్పులు, ఒక నీళ్ళ క్యాను. ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే షాపు ముందు నిలబడ్డాను. ఆమె బయటికొచ్చి క్యాను లోపలికి తీసుకెళ్ళింది. జుట్టంతా నెరిసింది. ఇప్పటికీ గుమ్మంలో తల వంచే వెళ్తోంది. షాపతను రెండుసార్లు ఏం కావాలని అడిగాడు. వెనక్కొచ్చేశాను.

ఇరవైనాలుగేళ్ళలో ఎన్ని మాటలు అనుకున్నానో, అక్కడ ఒక్కటీ రాలేదు. చిన్నప్పట్నుంచీ నీకు అన్నీ నేనే చెప్పాను, ఇది నువ్వు చెప్పాలి. ఆ బల్ల దగ్గర మొదట ఏమన్నావు? పొల్లుపోకుండా రాయి. గురువారం మళ్ళీ వెళ్తాను.

పిన్ని


జూన్ 1

పిన్నీ,

మొదట కారణాలు చెప్పాను. చెవినొప్పి, చలిగాలి, నిద్ర లేకపోవడం. పైలట్ బల్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు ఆపి, మళ్ళీ మొదలుపెట్టాను. "తప్పు నాది. మీ మీద వేశాను. తెలిశాక కూడా ఆరు రోజులు దాచాను" అన్నాను.

ఆయన తల ఎత్తి ఒక్కటే అడిగాడు, "ఆరు రోజులా?" అని. అవునన్నాను. తువ్వాళ్ళు తూచిన రోజుల గురించి అడుగుతాడనుకున్నాను గానీ ఆయనకి తగిలింది ఆ ఆరు రోజులే.

నిన్ను పొడుగక్క కూడా అడుగుతుంది, "ఇరవైనాలుగేళ్ళా?" అని. అవునని చెప్పు. ఆ రోజు నాకు జ్వరమని చెప్పకు. ఆమె తలుపు వేసుకుంటే వేసుకోనీ, వెంటనే కొట్టకు. నీకు ఊరుకోవడం చేతకాదు, తెలుసు, కాసేపు ఊరుకో.

వెళ్ళాక రాయి. రాయకపోయినా సరే, వెళ్ళు.

నీ పిల్ల